గిజిగాడి బుట్ట, పిల్లల పలక

ఏడు మడుగులు ఒకదాని వెంట ఒకటి ఉన్న అడవి ఒకటుంది. అందరూ దాన్ని ఏడుమడుగుల అడవి అనేవారు. ఏనుగులు, దుప్పులు, కుందేళ్లు, ముంగిసలు, కొండముచ్చులు, లెక్కలేనన్ని పిట్టలు అందులో ఉండేవి. ఆ అడవికి ఒక బడి కూడా ఉంది. పెద్ద బండ నీడలో నడిచే ఆ బడికి పంతులమ్మ ఎవరో తెలుసా? దర్భమ్మ అనే ముళ్లపంది!

ఆమె ముళ్లు చూసి కొత్త పిల్లలు మొదటి రోజు దడుచుకునేవారు. రెండో రోజుకల్లా ఆమె వెనకే తిరిగేవారు. దర్భమ్మకి కూడా పిల్లలంటే అంత గర్వం. "మా పిల్లలు" అనకుండా ఆమె ఒక్క మాటా పూర్తి చేసేది కాదు.

ఆ అడవిలో అందరికీ ఒకటే భయం. అడవి అంచు పొలాల్లో జొన్న కంకులు ముదిరే వేళకి వేటగాళ్లు వచ్చి దారుల్లో ఉచ్చులు పన్నేవారు. కిందటేడు చెంగి అనే కుందేలు పిల్ల వాళ్ల అన్న అలాంటి ఉచ్చులోనే పోయాడు. అప్పట్నుంచి చెంగి బడికి వస్తూ అడుగుకోసారి ఆగేది. అది చూసి దర్భమ్మ లోలోపల కుమిలిపోయేది. ఇంకొక్క బిడ్డ పోవడానికి వీల్లేదని ఆమె పట్టుపట్టింది.

ఆమె మాట మీద, అడవికి పెద్దదిక్కైన ఏనుగు పెద్దమ్మ అందర్నీ పిలిచింది. "ఉచ్చుని పోల్చుకోవడం పిల్లలకి బడిలోనే నేర్పాలి. అందుకో పనిముట్టు కావాలి. ఎవరు చేస్తారు?"

"నేనుండగా ఇంకొకరెందుకు?" అన్నాడు సొగసయ్య అనే గిజిగాడు.

నిజమే, అల్లికలో సొగసయ్యని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ సంగతి అందరికన్నా అతనికే బాగా తెలుసు. అదే వచ్చిన చిక్కు!

"ఒక్కరోజు బడికి వచ్చి కూర్చో సొగసయ్యా. పిల్లలు ఎలా నడుస్తారో, ఎక్కడ తడబడతారో చూద్దువుగాని" అని దర్భమ్మ కబురు పంపింది.

సొగసయ్య పకపకా నవ్వాడు. "గూడు అల్లేవాడు గుడ్డుని అడిగి అల్లుతాడా?" అని ఆ కబురు తెచ్చిన ఉడతని వెనక్కి పంపేశాడు.

నెల తిరిగేసరికి అతను ఒక బుట్ట పట్టుకొచ్చాడు. దాని అందం చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. బుట్టకి ఒక చిన్న కంత ఉంది. కంతలోంచి చూస్తూ తాడు లాగితే లోపల బొమ్మలు ఒక్కొక్కటే తిరిగి వస్తాయి. ఉచ్చు బొమ్మ రాగానే కాలితో నేల తట్టాలి. బుట్ట మూతిని మాత్రం సొగసయ్య లక్కతో మూసేశాడు.

"లోపల ఏముందో ఎవరూ చూడకూడదు. ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఇది నా పనితనం!" అన్నాడు.

అలాంటివే ఇంకొన్ని అల్లి, ప్రతి గుంపు దగ్గరా చెట్లకి వేలాడదీశాడు. బడి పిల్లలు వారం రోజులు బుట్టతో నేర్చుకున్నారు. అందరూ ఒక్క తప్పూ లేకుండా నేల తట్టారు. చెంగి అందరికన్నా ముందు తట్టింది. దర్భమ్మకి ఎంత సంతోషమో! ఎందుకైనా మంచిదని ఆమె ఒక మెత్తని తీగతో ఉత్తుత్తి ఉచ్చు పన్ని, పిల్లల్ని ఆ దారిన నడిపించింది.

చెంగి తిన్నగా వెళ్లి ఉచ్చులో తల పెట్టింది. ఆమె తర్వాత ముంగిస పిల్ల నేరేడు కూడా అంతే. మిగిలినవాళ్లూ అంతే.

చెంగి ఏడుపు ఆపుకోలేకపోయింది. "నేను గుండ్రంగా ఉండేదాని కోసం వెతికాను పంతులమ్మా! బుట్టలో గుండ్రంగానే ఉంది. ఇక్కడేమో గడ్డిలో ఒక్క పోచ వేలాడినట్టుంది."

దర్భమ్మ నేలకి గడ్డం ఆనించి చెంగి కళ్లతో చూసింది. ఆమెకి సంగతి అర్థమైంది. సొగసయ్య ఉచ్చుల్ని ఆకాశంలోంచి చూశాడు, అలాగే అల్లాడు. నేల మీద నడిచే బిడ్డకి ఉచ్చు ఎలా కనిపిస్తుందో అతనికి తెలియనే తెలియదు.

ఆమె పరుగున వెళ్లి ఆ మాటే చెప్పింది. "లక్క తీసి లోపలి బొమ్మలు మార్చనియ్యి సొగసయ్యా. మా పిల్లలు చెబుతారు ఎలా ఉండాలో."

"నా అల్లికకి నీ పిల్లలు వంకలు పెడతారా? వాళ్లకి చూడడం రాకపోతే అది నా తప్పా? లక్క ముట్టుకున్నావో, ఊరుకోను!" అని సొగసయ్య రెక్కలు విదిలించాడు.

దర్భమ్మకి తల కొట్టేసినట్టయింది. పొలాల్లో కంకులు అప్పటికే ముదురుతున్నాయి. ఆమె బడికి వచ్చి పిల్లల మధ్య కూర్చుంది.

"మనమే చేసుకుందాం" అంది.

"మాకేం వచ్చు పంతులమ్మా?" అన్నాడు నేరేడు.

"ఉచ్చు ఎక్కడ కనపడదో మీకు తెలుసు. అది నాకూ తెలియదు, సొగసయ్యకీ తెలియదు."

దర్భమ్మ రాలిన తన ముళ్లన్నీ ఏరి తెచ్చింది. ఒక చెక్క పలకకి బెజ్జాలు పెట్టి, ముళ్లని మేకుల్లా గుచ్చి, వాటికి తీగ ఉచ్చు కట్టి, గడ్డి మధ్య నిలబెట్టింది. అటు నడిచొచ్చే పిల్లలు ఉచ్చుని కనిపెట్టాలి. కట్టీ కట్టగానే పేచీ మొదలైంది. "ఇది నా నెత్తి మీద ఉంది. నా ఎత్తు ఎవరూ అడగలేదు!" అని నేరేడు అలిగాడు. దుప్పి పిల్లకేమో అది మోకాళ్ల దగ్గరే ఉంది. సరే, ఎవరి ఎత్తుకి తగ్గట్టు వాళ్లు ముల్లు పీకి వేరే బెజ్జంలో గుచ్చుకునేలా మార్చారు.

చెంగి మాత్రం చాలాసేపు తీగనే చూస్తూ కూర్చుంది. "పంతులమ్మా, మీ తీగ మెరుస్తోంది. వేటగాళ్లు తాడుకి మట్టి రాస్తారు. మా అన్న మెడలో ఉన్నది మట్టి రంగే" అంది.

దర్భమ్మ తీగని దగ్గరగా పట్టి చూసింది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పి తాను చూడనిది ఈ పిల్ల చూసింది! ఆమె ఛాతీ ఉప్పొంగిపోయింది. "రాయి తల్లీ, నువ్వే మట్టి రాయి" అంది.

పలక పని చేయాలంటే అసలు ఉచ్చుకి ఉండే జారుముడే వెయ్యాలి. అది పాఠం మధ్యలో మాటిమాటికీ బిగుసుకుపోయేది. అందుకని ప్రతి పిల్లా ఆ ముడి వెయ్యడం, విప్పడం నేర్చుకోవాల్సి వచ్చింది. బడిలో ఒక కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. పలకని ఎవరైనా మార్చుకోవచ్చు. ఏం మార్చారో మాత్రం అందరికీ విప్పి చూపించాలి.

పక్క అడవి బడిలో కొండముచ్చు పంతులు ఆ పలక అడిగాడు. దర్భమ్మ అలాంటిదే ఇంకో పలక చేయించి, ముడి వేసే పద్ధతీ చెప్పి పంపింది. పది రోజుల్లో అతని దగ్గర్నుంచి కబురొచ్చింది. కొమ్మలకి కట్టే ఉచ్చుల కోసం వాళ్ల పిల్లలు పలకని చెట్టుకొమ్మకే వేలాడదీశారట. ఇక్కడి పిట్ట పిల్లలు ఎగిరి గంతేసి తమ పలకనీ అలా మార్చుకున్నారు.

సొగసయ్య ఒకసారి వచ్చి చూసి పెదవి విరిచాడు. "ఓస్, ఇంతేనా! ఇది ఎవరైనా చేసేస్తారు."

"ఎవరైనా చెయ్యాలనే చేశాం" అంది దర్భమ్మ.

జొన్న కోతలు మొదలయ్యాయి. ఒక ఉదయం అడవి అంచునుంచి పెద్ద అరుపు వినిపించింది. సొగసయ్య కూతురు పసిడి గింజలకని నేల మీద వాలి, గడ్డి మొదట్లో పన్నిన సన్నని ఉచ్చులో కాలు పెట్టింది. ఆ బిడ్డ బడికి వచ్చేది కాదు. నాన్న బుట్టే చాలనుకుంది. సొగసయ్య తాడుని ముక్కుతో పట్టుకుని బలమంతా పెట్టి లాగుతున్నాడు. లాగినకొద్దీ ముడి బిగుస్తోంది. వేటగాళ్ల మాటలు దగ్గరవుతున్నాయి.

అరుపు విని బడి బడంతా పరిగెత్తింది. దర్భమ్మ పిల్లల్ని పొద చాటున ఆపేసింది. చెంగి మాత్రం ఆగలేదు. ఆమెని పట్టుకోవాలని దర్భమ్మ కాలు చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఈ పని తనకన్నా చెంగికే బాగా వచ్చని ఆమెకి తెలుసు.

"లాగకు మావయ్యా! వదిలెయ్!" అని అరిచింది చెంగి. "పసిడీ, కదలకు. కాలు ముడి వైపుకి జరుపు. ఇంకా... అంతే."

తాడు వదులైంది. చెంగి పళ్లతో ముడిని పట్టి వెనక్కి తోసింది. ఉచ్చు తెరుచుకుంది. పసిడి ఎగిరిపోయింది, అందరూ పొదల్లోకి దూరారు. వేటగాళ్లు వచ్చేసరికి అక్కడ ఖాళీ తాడు ఒక్కటే ఉంది.

ఆ రోజు దర్భమ్మ గర్వానికి అంతులేదు. కనిపించిన ప్రతివాళ్లకీ "చూశారా మా చెంగిని?" అని చెప్పుకుంది. ఏనుగు పెద్దమ్మకి రెండుసార్లు చెప్పింది. ఏనుగు పెద్దమ్మ చెట్లకున్న బుట్టలన్నీ దింపించి, ప్రతి గుంపులోనూ పలక పెట్టించింది. తన బుట్టలు చీమల పాలవుతుంటే సొగసయ్య తలెత్తుకోలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే అతను పసిడిని వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. మిగిలిన ఒక్క బుట్టనీ పిల్లల ముందు పెట్టి, తన ముక్కుతోనే లక్క పగలగొట్టాడు.

"అమ్మా చెంగీ, నాకు అల్లడం వచ్చు. చూడడం రాలేదు. ఏం మార్చాలో చెప్పు" అన్నాడు.

చెంగి పంతులమ్మ వైపు చూసింది. దర్భమ్మ తల ఊపింది. చెంగి తన పక్కన గడ్డి కాస్త సర్ది చోటు చేసింది.

"ముందు ఇలా కింద కూర్చో మావయ్యా" అంది.

సొగసయ్య కూర్చున్నాడు.

నీతి: ఎవరి కోసం చేస్తున్నామో వాళ్లని కలుపుకుని, దాచకుండా అందరికీ విప్పి చూపిస్తూ చేసిన పనే ఆపదలో ఆదుకుంటుంది.