బానెట్ మూసినప్పుడు

ఆ కారు ఏడుకొండలు పరువు తీస్తోంది.

షెడ్డుకి వచ్చినప్పుడల్లా బుద్ధిగా నడుస్తుంది. బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటే నాలుగు సిలిండర్లూ ఒక్క తీరున కొట్టుకుంటాయి. బయటికి వెళ్ళిన గంటకి దాని డ్రైవర్ ఫోను చేస్తాడు. "మళ్ళీ మిస్ కొడతంది అబ్బాయ్. కొండెక్కేటప్పుడయితే ఆగిపోద్దేమోనని భయమేస్తంది."

నరసరావుపేటలో చిలకలూరిపేట రోడ్డు మీద జిలానీ ఉస్తాద్ షెడ్డు ముప్పై ఏళ్ళుగా ఉంది. ఏడుకొండలు అందులో పదకొండేళ్ళుగా పని నేర్చుకుంటున్నాడు. నేర్చుకుంటున్నాడని మనం అనుకోవాలి. అతను మాత్రం నేర్చుకోవడం అయిపోయిందని మూడేళ్ళ కిందటే తేల్చేసుకున్నాడు. బండి గేటు దాటి లోపలికి వస్తుండగానే రోగమేమిటో చెప్పేస్తానని నలుగురిలో అనేవాడు. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఉస్తాద్‌కి ఒక పద్ధతి ఉండేది. పాత బండి వస్తే బానెట్ ముట్టుకునేవాడు కాదు. ముందు డ్రైవర్ పక్కన కూర్చుని ఊరంతా ఓ చుట్టు తిరిగి వచ్చేవాడు. దారి పొడుగునా డ్రైవర్‌నే మాట్లాడనిచ్చేవాడు, తను నోరు మెదిపేవాడు కాదు. ఏడుకొండలుకి అది ముసలి చాదస్తంలా కనిపించేది.

ఉస్తాద్‌కి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్లు జరిగి, రెండు నెలలు ఇల్లు కదల్లేకపోయాడు. షెడ్డు ఏడుకొండలు చేతికొచ్చింది. ఈ కథ ఆ రెండు నెలల్లోనే మొదలైంది.

కారు ప్లీడరు కామేశ్వరరావు గారిది. ఇరవై ఆరేళ్ళ కారు. దాన్ని తోలే యేసుపాదం ఇరవై నాలుగేళ్ళుగా ఆ ఇంట్లోనే పని చేస్తున్నాడు. మొదటిసారి మామూలు సర్వీసుకే తీసుకొచ్చాడు. ప్లగ్గులకి వెళ్ళే వైర్లు పాతబడి పగుళ్ళిచ్చాయని ఏడుకొండలు కొత్తవి వేశాడు. వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి.

"నువ్వు వైర్లు మార్చిన కాడ్నించే అబ్బాయ్," అన్నాడు యేసుపాదం, ఏ పాపమూ ఎరగనట్టు.

ఆ మాట ఏడుకొండలుకి కారం రాసినట్టయింది. ప్లగ్గులు మార్చాడు. పాయింట్లు గీకాడు. కార్బురేటర్ విప్పి కడిగాడు. కాయిల్ కొత్తది వేశాడు. వైర్ల జోలికి మాత్రం పోలేదు. తను వేసినవి కదా.

నాలుగోసారి ప్లీడరు గారు కూడా కారులో వచ్చారు. యేసుపాదం ఏడుకొండలు చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "ఒక్కసారి నా పక్కన కూచుని కోటప్పకొండ దాకా రా. నీకే తెలుసుద్ది."

ఏడుకొండలు వెళ్ళలేదు. బానెట్ ఎత్తి, విని, ప్లీడరు గారి వైపు తిరిగి చెప్పాడు.

"బండికేం లేదు సార్. పెద్దాయన కాలు వణుకుతోంది. యాక్సిలరేటర్ మీద పాదం నిలవట్లేదు."

ఇక్కడ నాకు ఏడుకొండలు మీద కోపం వస్తుంది. తెలియలేదని ఒప్పుకుంటే పోయేది ఒక పూట పరువు. అది పోకుండా ఉండడానికి ఒక మనిషి కాలు అడ్డం పెట్టాడు.

ప్లీడరు గారు యేసుపాదం కాలు వైపు చూశారు. యేసుపాదం కూడా తన కాలు వైపే చూసుకున్నాడు. మరుసటి నెల ఆ కారుకి కొత్త డ్రైవర్ వచ్చాడు.

ఉస్తాద్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని షెడ్డుకి తిరిగొచ్చిన రోజునే ఆ కారూ వచ్చింది. అదే రోగం. ఏడుకొండలు అలవాటుగా బానెట్ ఎత్తి స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు.

"యేసుపాదం ఏడి?" అనడిగాడు ఉస్తాద్.

"ఆయన కాలు వణుకుతుందని తీసేశారంట అండీ," అన్నాడు కొత్త డ్రైవర్. అతనికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, కాళ్ళు దుంగల్లా ఉన్నాయి.

"వణుకుతుందని ఎవరన్నారు?"

కొత్త డ్రైవర్ ఏడుకొండలు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

ఉస్తాద్ లేచి వచ్చి, ఏడుకొండలు తల పక్కకి తీసేదాకా ఆగి, బానెట్ మూసేశాడు. తాళం ఏడుకొండలు చేతిలో పెట్టాడు.

"నువ్వు తోలు."

ఉస్తాద్ పక్కన కూర్చున్నాడు. కోటప్పకొండ వైపు పోనిమ్మన్నాడు. కింద రోడ్డు మీద బండి బాగానే నడిచింది. కొండ దారి ఎక్కి రెండో మలుపు తిరుగుతుండగా ఇంజను ఒకసారి తడబడింది. ఏడుకొండలు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. తొక్కేకొద్దీ బండి వెనక్కీ ముందుకీ ఊగింది.

ఉస్తాద్ నల్లద్దాలు పైకెత్తి, వంగి, ఏడుకొండలు పాదం వైపు చూశాడు.

"నీ కాలు వణుకుతుందేందిరా, కొండలూ?"

"కాదు ఉస్తాద్, నా కాలు బాగానే ఉంది, బండే..."

ఏడుకొండలు యాక్సిలరేటర్ మీంచి పాదం తీసేశాడు.

బండి పక్కకి ఆపించాడు ఉస్తాద్. బానెట్ ఎత్తమన్నాడు. ఎత్తగానే ఇంజను కుదుటపడింది. ముయ్యమన్నాడు. మూసి, కూర్చుని రేజ్ చేస్తే మళ్ళీ తడబాటు. మూడుసార్లు ఎత్తించాడు, మూడుసార్లు మూయించాడు. ఎత్తినప్పుడల్లా బండి పసిపాపలా ఉంది.

ఇంజను ఆపించి, ఎత్తిన బానెట్ లోపలి వైపు చెయ్యి పెట్టి మెల్లగా తడిమాడు. ఒకచోట వేలు ఆగింది. వేలు తీసి చూపించాడు. కొసన మసి. దానికి సరిగ్గా కింద ఒక ప్లగ్ వైరు మిగతా మూడింటికన్నా పైకి లేచి వంపు తిరిగి ఉంది. వంపు మీద తొడుగు ఒరుసుకుపోయింది. బానెట్ మూస్తే ఇనుము ఆ వైరు మీద ఆనుతోంది. బరువు లాగాల్సి వచ్చినా, గట్టిగా రేజ్ చేసినా నిప్పు ప్లగ్గుకి పోకుండా ఇనుములోకి దూకుతోంది.

"ఇది ఇంత పొడుగెందుకుంది?"

"సరైన సైజు దొరకలేదు ఉస్తాద్. దొరికింది వేశాను."

ఉస్తాద్ తిట్టలేదు. తిడితే బాగుండేదని ఏడుకొండలు తర్వాత చాలా రోజులు అనుకున్నాడు.

షెడ్డుకి వచ్చి సరైన వైరు తెప్పించాక, దాన్ని వేసి క్లిప్పు కింద బిగించడానికి పది నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రం కారు కొండ పైదాకా ఎక్కి దిగింది. ఒక్క తడబాటు లేదు.

ఏడుకొండలు తిన్నగా ప్లీడరు గారింటికి వెళ్ళి, తప్పు తనదని చెప్పాడు. ఈ ఒక్క విషయంలో అతన్ని మెచ్చుకోవాలి. ప్లీడరు గారు పేపరు మడిచి పక్కన పెట్టి, "సరే, వాణ్ణి మళ్ళీ రమ్మను," అన్నారు.

మర్నాడు వెతుక్కుంటూ వెళితే యేసుపాదం ఒక కల్యాణ మండపం గేటు దగ్గర కనిపించాడు. ఖాకీ చొక్కా వేసుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కారు వచ్చినప్పుడల్లా లేచి గేటు తీసి, సెల్యూట్ కొట్టి, మళ్ళీ కూర్చుంటున్నాడు.

"బాబాయ్, తప్పు బండిదే. అంటే, నాదే. నేనేసిన వైరు బానెట్‌కి ఆనుతోంది."

యేసుపాదం ముఖంలో సంతోషమూ లేదు, కోపమూ లేదు. "ఏ వైరు?"

"రెండో ప్లగ్గుది."

"వైర్లు మార్చిన కాడ్నించే అని చెప్పాగా." ఆ మాట కూడా నిష్ఠూరంగా అనలేదు.

"ప్లీడరు గారు నిన్ను రమ్మన్నారు బాబాయ్. రేపట్నించే."

అంతలో మరో కారు వచ్చింది. యేసుపాదం లేచి గేటు తీసి, వచ్చి కూర్చున్నాడు.

"మొన్న మా అల్లుడి ఆటో తీశాను. మా వీధిలోనే, నాలుగడుగులు. బ్రేకు మీద పెట్టేసరికి కాలు వణికింది. అయ్యగారి కారు తోలినప్పుడు వణకలేదురా కొండలూ, నిజంగా వణకలేదు. నువ్వన్నావు, అయ్యగారు నమ్మారు, ఇంట్లో వాళ్ళు కూడా నా కాలు కేసే చూసేవోళ్ళు. ఇప్పుడు వణుకుద్ది. నేను రాలేను."

ఏడుకొండలు షెడ్డుకి తిరిగొచ్చేసరికి ఉస్తాద్ నూనె గుడ్డతో స్పానర్లు తుడుస్తున్నాడు. జరిగింది విన్నాడు. తుడుస్తున్న చెయ్యి ఆగలేదు.

"ఉస్తాద్, నువ్వయినా వచ్చి చెప్పు. ఆ వణుకునెట్లా బాగు చెయ్యాలి?"

ఉస్తాద్ కళ్ళద్దాలు తీసి, చెమ్మగిల్లిన కళ్ళు మోచేత్తో ఒత్తుకున్నాడు. ఆపరేషను వల్లో, మరెందుకో ఏడుకొండలుకి తెలియలేదు.

"ఎత్తి చూడ్డానికి దానికి బానెట్ లేదురా," అన్నాడు.