ఈరమ్మ రక్తం

మెడిసిన్ సీటు రాక బయోకెమిస్ట్రీలో చేరిన వాసంతి, కర్నూలు దగ్గరి ఓ ఆసుపత్రి ల్యాబులో ఖమరున్నీసా మేడమ్ దగ్గర పని నేర్చుకుంటోంది. ఆ ఉదయం వార్డులో ఒక హౌస్ సర్జన్ అందరి ముందూ నవ్వుతూ, "సీటు రానివాళ్ళకి ల్యాబుంది కదా" అన్నాడు.

వాసంతి మండిపోతూ వచ్చింది.

"ఈ చదువు చదివి నేనేమవుతాను మేడమ్? జీవితమంతా డాక్టర్ల వెనక ట్యూబులు మోయడమేనా? అలాగైతే ఇప్పుడే మానేస్తాను."

ఒక్కో మాటకీ చేతిలోని రక్తం ట్యూబును గట్టిగా ఊపుతోంది. మేడమ్ "ఆపు" అనేలోపే ఆ ట్యూబును తిప్పే మెషీన్లో పెట్టేసింది.

బయటికి తీస్తే, పైన ఎండుగడ్డి రంగులో తేలాల్సిన సీరం ఎర్రగా ఉంది.

"ఇందులో పొటాషియం ఎంత చూపిస్తుంది?" అంది మేడమ్.

"రక్తకణాలు చితికి వాటిలోని పొటాషియం సీరంలో కలిసింది. ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది."

మేడమ్ ట్యూబును చెత్తడబ్బాలో పడేసింది. "పద" అంది.

వాంతులూ విరేచనాలతో ఎండిపోయిన ఈరమ్మ వార్డులో కళ్ళు మూసుకుని పడుకునుంది. ఆమె రెండు చేతులూ సూదులతో కమిలిపోయాయి.

"ఎందుకొచ్చామో నువ్వే చెప్పు" అంది మేడమ్.

"రక్తం మళ్ళీ ఇవ్వాలమ్మా. పొద్దున తీసింది... నేనే పాడుచేశాను."

ఈరమ్మ కళ్ళు తెరిచింది. "పాడు చేసినావా? నరం దొరక్క ఎన్నిసార్లు పొడిచినారో నీకేం తెలుసు? సక్కంగా పట్టుకోను రాదా నీకు? మల్లా యాడ పొడుస్తారు, సూపియ్యి."

నర్సు చేతుల్లో వెతికి, దొరక్క, చివరికి పాదంలోంచి తీసింది. ఈరమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది. వాసంతి చివరిదాకా అక్కడే నిలబడింది.

ఈసారి పొటాషియం ప్రమాదమయ్యేంత తక్కువ వచ్చింది.

"వార్డుకి ఫోన్ చెయ్యి" అంది మేడమ్.

అవతల పెద్ద డాక్టరు అంకె విన్నాడు. "చాలా తక్కువమ్మా. దీన్ని బట్టే ఇప్పుడు మందు ఎక్కిస్తాను. నమ్మొచ్చా?"

వాసంతి మేడమ్ వైపు చూసింది. మేడమ్ తన పనిలో ఉంది, తలెత్తలేదు.

వాసంతి ట్యూబును వెలుతురుకెత్తి ఇంకోసారి చూసుకుంది. సీరంలో ఎరుపు లేదు.

"నమ్మండి సార్" అంది.