ఏనుగమ్మ అడిగిన కాపలా

ఒకప్పుడు ఏనుగులు ముసలితనం చూసేవి కావు. వయసులో ఉండగానే ఒంట్లో ఎక్కడో గడ్డ లేచేది. అది పెరిగి పెరిగి ప్రాణం తీసేది.

ఈరమ్మ అనే ఏనుగుకు సింగమ్మ అని ఒక అక్క ఉండేది. ఆమె మెడ కింద ఉసిరికాయంత గడ్డ లేచింది. వానలు వెలిసేసరికి తాటికాయంత అయింది. చివరికి సింగమ్మ గడ్డిపరక కూడా మింగలేకపోయింది. ఈరమ్మే తొండంతో నీళ్ళు తెచ్చి నోట్లో పోసింది. అయినా అక్క దక్కలేదు.

అప్పటికే ఈరమ్మ కడుపుతో ఉంది. ఇక ఆమె ఒకచోట నిలవలేకపోయింది. మేస్తూ మేస్తూ ఆగి మెడ తడుముకునేది. కడుపు తడుముకునేది. మళ్ళీ నడిచేది. ఒకరోజు మంద వద్దన్నా వినకుండా కొండ దాటి అడవితల్లి దగ్గరికి పోయింది.

ప్రాణులన్నిటికీ ఒళ్ళు అల్లేది అడవితల్లే. ఆమె ఈరమ్మకు విషయం విప్పి చెప్పింది. ఒళ్ళంతా కంటికి కనబడని కణాలట. ప్రతి కణంలోనూ అది ఎలా మెలగాలో రాసి ఉంటుందట. ఒక కణం రెండయ్యేటప్పుడు ఆ రాతను చూసి రాసుకుంటుంది. అప్పుడప్పుడూ ఒక అక్షరం తప్పుతుంది. కొన్ని తప్పులు పడితే ఆ కణానికి ఆగడం తెలియదు. పెరుగుతూనే పోతుంది. అదే గడ్డ. దాన్ని ఆపడానికే ప్రతి కణంలో ఒక కావలివాణ్ణి పెట్టానంది.

“ఎలుక ఒంట్లో కణాలు కొన్నే. నా ఒంట్లో కొండంత ఉన్నాయి. ఇంతమంది కావలివాళ్ళలో ఒక్కడైనా కునుకు తీయడా తల్లీ?” అంది ఈరమ్మ.

అడవితల్లికి ఆ సంగతి అంతవరకూ తట్టనే లేదు. ఒక్కో కణానికి ఇరవైమంది కావలివాళ్ళను పెట్టగలనంది. కానీ ఈరమ్మ ఒళ్ళు అల్లడం అయిపోయింది. కడుపులో బిడ్డకైతే కుదురుతుంది. ఆ పనికి రెండేళ్ళు పడుతుంది, అన్నాళ్ళూ మోయాలంది.

“నాకు లేకపోయినా సరే, దానికి పెట్టు,” అంది ఈరమ్మ.

జింకలు ఈనాయి. వాటి పిల్లలూ పెద్దవై ఈనాయి. ఈరమ్మ మాత్రం ఈనలేదు. బిడ్డ లోపలే పోయిందని మంద గుసగుసలాడింది. ఈరమ్మకూ అదే భయం. నిద్ర పట్టక నిలబడి ఊగేది. రెండో ఏడాది వానల్లో ఆడపిల్ల పుట్టింది.

ఆ పిల్ల ఏపుగా ఎదిగింది. అంతలో ఈరమ్మ పక్కటెముకల దగ్గర గడ్డ లేచింది. ఆమె తన గడ్డ సంగతి పట్టించుకోలేదు. రోజూ కూతుర్ని దగ్గరికి పిలిచి, తల నుంచి తోక దాకా తొండంతో వెతికేది. ఎక్కడా ఏమీ తగిలేది కాదు. ఆఖరి రోజున కూడా వెతికింది.

“ఏం లేదు. పోయి మేత మెయ్యి,” అని చెప్పి, ఎన్నో ఏళ్ళ తర్వాత కుదురుగా పడుకుంది.

ఆ కూతురు మనవరాళ్ళను చూసింది. దాని కావలివాళ్ళు వాళ్ళకూ వచ్చారు. అప్పటినుంచే ఏనుగు తన బిడ్డను రెండేళ్ళకు దగ్గరగా మోస్తుంది. అంత పెద్ద ఒళ్ళున్నా దానికి ఆ గడ్డ జబ్బు రావడం అరుదు.