పదకొండు పుల్లలు, రెండు కత్తులు

ఇలా రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. ఎవరి కంపాసు పెట్టె గొప్పదో తర్వాత తేల్చుకుందురుగాని. ఆ మూతలు టపటపలాడించడం ఆపండి, నా మాట నాకే వినబడటం లేదు.

కాలవ గట్టున మామిడి అంట్లు కట్టే అచ్చియ్య గారని ఒకాయన ఉండేవారు. పుల్ల చెక్కడానికి కత్తి తీశారంటే, చెక్కి, మొక్కలో దూర్చి, కట్టు బిగించేదాకా నోరు విప్పేవారు కాదు. కోసిన చోటు గాలికి ఆరిపోతే అతకదు, అందుకని. పెద్దతనాన ఆయన చేతికి వణుకు వచ్చింది. అప్పట్నుంచి కోత శిష్యుడిది, కట్టు మాత్రం ఆయనది. శిష్యుడి పేరు త్రిమూర్తులు. ముప్పయ్యేళ్లవాడు. చెయ్యి మంచిది, బుర్రా మంచిదే. కాకపోతే ఆ నెల రెండూ కత్తుల మీద పడ్డాయి.

ఎక్కడినుంచో రెండు మడత కత్తులు తెప్పించాడు. రెంటి పిడీ టైటానియమే, ఒకటి నలుపు, ఇంకొకటి బూడిదరంగు. వాటి ధర మీకు చెప్పను, మీ నాన్నలు వింటే నన్ను కోప్పడతారు. ఫ్రేమ్ లాక్ అంటారట. పిడిలోనే ఒక పక్కను సన్నగా చీల్చి లోపలికి వంచి ఉంచుతారు. కత్తి తెరవగానే ఆ చీలిక వచ్చి అలుగు, అదే కోసే రేకు, కింద ఆనుకుంటుంది. దాన్ని వేలితో తప్పిస్తే తప్ప కత్తి మూసుకోదు, వేళ్లు తెగవు. మంచి పనితనమే, కాదనను. నచ్చింది ఉంచుకుని రెండోది పది రోజుల్లో తిప్పి పంపెయ్యాలి. ఆ పది రోజులూ అచ్చియ్య గారికి కంటి మీద కునుకు లేదు.

రెంటిలో ఏది మంచిదండీ అని అడిగాడు. ఆయన చూసి, నల్లపిడిది ఉంచుకో అన్నారు. సాయంత్రానికల్లా శిష్యుడు బూడిదరంగు దానికి ఏడు సుగుణాలు పట్టుకొచ్చాడు. సరే, అదే ఉంచుకోమన్నారు. మర్నాడు ఆయన పళ్లు తోముకుంటుంటే, నల్లదాని తరఫున వకాల్తా పుచ్చుకుని వచ్చాడు. మూసినప్పుడు నల్లదాని అలుగు పిడికి సరిగ్గా నడిమధ్యన కూర్చుంటుందిట, బూడిదది వెంట్రుకవాసి పక్కకు ఒరుగుతుందిట, కానీ దాని తాళం పడే చప్పుడు వేరుట. ఆ చప్పుడు వినిపించడానికి అన్నం తింటున్న మనిషి చెవి దగ్గర నలభైసార్లు తెరిచి మూశాడు. కాయితం కోశాడు, దారం కోశాడు. ముంజేతి మీద పదును చూసుకుని చూసుకుని, ఆ చేతి మీద ఒక్క వెంట్రుక మిగల్లేదు.

పదో రోజు పొద్దున్నే మంగాయమ్మ అనే ముసలావిడ తడిగుడ్డ చుట్టిన అరటిడొప్ప ఒళ్లో పెట్టుకుని వచ్చింది. గాలివానకు ఆవిడ పెరట్లో మామిడిచెట్టు కూలిపోయింది. ఆ జాతి కాయ ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. వీధి వీధంతా ఆవకాయకు ఆ చెట్టు మీదే ఆధారపడేవారు. వేళ్లు పైకి లేచి మూడు వారాలై చెట్టంతా ఎండిపోతే, ఒక్క కొమ్మలో ఇంకా పచ్చి కనబడిందిట. దాన్నుంచి పదకొండు పుల్లలు దొరికాయి. ఇవి బతికితే చెట్టు బతికినట్టు, లేకపోతే లేదు.

ఎండెక్కేలోపు అన్నీ కట్టెయ్యాలని చెప్పి, అచ్చియ్య గారు ఆ పుల్లలు దూర్చడానికి టెంక నాటి పెంచిన మొక్కలు తేవడానికి కాలవ అవతలి మడికి వెళ్లారు. మంగాయమ్మ పాక చూరు కింద కూర్చుంది.

త్రిమూర్తులు కత్తులు రెండూ తీశాడు. తిప్పి పంపడానికి గడువు ఆ రోజే. మామిడి సొన ఏ అలుగుకు తక్కువ అంటుకుంటుందో కాయితం మీదా దారం మీదా తేలదు కదా అనిపించింది. ఒక పుల్ల నల్లదాంతో చెక్కాడు, ఒకటి బూడిదదాంతో. రెండో పుల్ల కాస్త లావు, పోటీ సమం కాలేదు. సరిజోడు లావున్నవి రెండు ఏరి మళ్లీ చెక్కాడు. ఈసారి వాలు తేడా వచ్చింది. వాలు సరిచేసి ఇంకో రెండు. చెయ్యి అలిసిపోయాక కోసింది లెక్కలోకి రాదని, కాసేపాగి మరో రెండు, రూఢి చేసుకోవడానికి ఆఖరున ఇంకో రెండు. మంగాయమ్మ చూస్తూనే ఉంది. పనిలో ఉన్నవాణ్ణి పలకరించకూడదని ఆవిడకెవరో చెప్పారు.

అచ్చియ్య గారు మొక్కలు మోసుకొచ్చేసరికి శిష్యుడి మొహం వెలిగిపోతోంది. తేలిపోయిందన్నాడు. నల్లదేనట, అనుమానమే లేదట. ఇక మొదలెడదామని డొప్పలో చెయ్యి పెట్టాడు. అందులో వంకరపుల్ల ఒక్కటే చేతికి తగిలింది. కాళ్ల దగ్గర చూస్తే, చెక్కిన ముక్కలు పది, కోసిన మొహాలు ఆరిపోయి నల్లబడి ఉన్నాయి, మళ్లీ చెక్కేంత పొడవూ మిగల్లేదు.

అచ్చియ్య గారు తెచ్చిన పదకొండు మొక్కల్లో పది పక్కకు జరిపారు. ఒక్కొక్కటీ జరిపేసరికి చాలాసేపు పట్టింది.

మంగాయమ్మే ముందు నోరు విప్పింది. "నాకేమన్నా తోట వెయ్యాలా బాబూ. ఆ ఒక్కటీ చూడు."

త్రిమూర్తులు నల్లకత్తితో కోశాడు. కోత అద్దంలా వచ్చింది, అంత నున్నటి కోత తన జన్మలో చూడలేదని అచ్చియ్య గారే తర్వాత నాతో అన్నారు. పుల్ల దూర్చారు, కట్టు కట్టారు, మొక్కను నీడలో పెట్టారు. అప్పుడు శిష్యుడు మెల్లిగా, అతుక్కుంటుందంటారా అని అడిగాడు.

ఆయన చేతులు కండువాకు తుడుచుకున్నారు.

"కత్తి మంచిదేగా, త్రిమూర్తులూ."

అంతే. ఆ పైన ఏమైందో నేనూ అడిగాను, ఆయన చెప్పలేదు. ఇక లేవండి. మీ అమ్మలు కంచాలు పెట్టి ఎంతసేపు చూస్తారు, వెళ్లి వేడిగా నాలుగు ముద్దలు తినండి.