పడవల రేవులో కునుకు

"గురువుగారూ, ఎవరి కర్మ వాళ్ళే అనుభవించాలని చెప్పేదీ మీరే, ఊళ్ళోవాళ్ళ నొప్పులన్నీ తెచ్చి నెత్తిన పెట్టుకునేదీ మీరే. ఇదెక్కడి న్యాయమండీ?" అని బుల్లెమ్మ అడిగేసింది.

అడిగేసిందంటే, తీరిగ్గా కూర్చుని వేదాంతం అడిగినట్టు కాదు. తడిగుడ్డ పిండి ఆయన కళ్ళ మీద వేస్తూ, ఒక పక్క కోపం, ఒక పక్క ఏడుపు తన్నుకొస్తుంటే అడిగింది. పేరయ్యగారు గుడ్డ చాటునుంచే నవ్వారు. ఆయన అలవాటే అంత. శిష్యులు ఏం అడిగినా తిన్నగా జవాబు చెప్పరు. "చూద్దాంలే, ఏదో ఒకటి జరక్కపోతుందా" అంటారు. అడిగినవాళ్ళు ఆ జరిగేదాని కోసం కాచుకుని ఉండాలి. ఒక్కోసారి వారం పడుతుంది, ఒక్కోసారి ఏడాది.

అసలు సంగతి చెప్పాలి. పేరయ్యగారిది గోదావరి పాయ ఒడ్డున, పడవల రేవుకి దగ్గర్లో తాటాకు పాక. వయసులో ఉండగా కొబ్బరికాయల పడవ నడిపిన మనిషి. ఆయన దగ్గర ఒంటికణత నొప్పికి మంత్రం ఉంది. ఆ నొప్పి ఎలాంటిదో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. తల సగం బాగానే ఉంటుంది, మిగతా సగంలో ఎవరో కూర్చుని మేకులు దిగ్గొడుతున్నట్టుంటుంది. అలాంటివాళ్ళు పొద్దు పొడవకముందే వచ్చి ఆయన ఎదుట కూర్చోవాలి. ఆయన నొప్పి ఉన్న కణత మీద బొటనవేలు ఆనించి, పెదవులు కదిలీ కదలకుండా ఏదో అనుకుంటారు. సూర్యుడు పైకొచ్చేసరికి నొప్పి దిగిపోతుంది. దిగాక ఓ నియమం ఉంది. దణ్ణం పెట్టకూడదు, సెలవు తీసుకోకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. అలా చేస్తే నొప్పి మళ్ళీ వెంటపడుతుందని, ఆయనకా మంత్రం ఇచ్చినవారు చెప్పారు. అంచేత నయమైనవాళ్ళు, పెళ్ళిపందిట్లోంచి అలిగి లేచిపోయే చుట్టాల్లా, చరచరా నడిచిపోతుంటారు. కొత్తగా చూసినవాళ్ళు ఎంత మర్యాద తెలీని జనంరా బాబూ అనుకుంటారు.

మరి దిగిన నొప్పి ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంది కష్టం. ఆ రోజంతా పేరయ్యగారు అదే వైపు కణత పట్టుకుని పడుకుంటారు. బుల్లెమ్మ కూడా ఒకప్పుడు అలా వచ్చి, నయమై, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయిన మనిషే. తన నొప్పి ఎటు పోయిందో తర్వాత ఎవరో చెబితే విని, ఇంట్లో కాలు నిలవక, నాలుగు గిన్నెలు మూటకట్టుకుని వచ్చేసింది. ముందువెనకా ఎవరూ లేని మనిషి కాబట్టి అడ్డుపెట్టేవాళ్ళూ లేకపోయారు. ఆయనకింత గంజి కాచిపోస్తూ, ఆయన చెప్పే మంచిమాటలు వింటూ శిష్యురాలిగా ఉండిపోయింది. ఇప్పుడేమో ఆయన కుడికన్ను మసకబారింది. "ఈ నొప్పులు ఇలాగే వస్తుంటే ఈ కన్ను పోయినట్టే తాతగారూ" అని పెద్దాసుపత్రి డాక్టరు ముఖం మీదే చెప్పాడు. పేరయ్యగారు ఆ డాక్టరుకీ అదే మాట చెప్పారు, చూద్దాంలే అని. బుల్లెమ్మకి మాత్రం ఆరోజునుంచి అన్నం సయించడం మానేసింది.

ఇంక ఈయన్ని అడిగి లాభం లేదని ఆవిడే ఓ నిర్ణయానికొచ్చింది. మర్నాడు చీకటుండగానే లేచి, కళ్ళాపి చల్లే వంకతో వాకిట్లో కాపలా మొదలెట్టింది. ఆరోజు వచ్చింది ఒక్క మనిషే. లంకలోంచి తొలి పడవకి దాటి వచ్చిన పిల్ల, పేరు వరాలు. వెలుతురు పడకుండా పైటచెంగు ఎడమకంటి మీదికి లాక్కుని, పాక రాటని పట్టుకుని నిలబడింది.

"గురువుగారున్నారా పిన్నిగారూ?"

"లేరమ్మా. అంతర్వేది వెళ్ళారు."

"ఎప్పుడొస్తారండీ?"

"ఆయన్ని మనం అడగ్గలమా? వచ్చినప్పుడే రావడం."

వరాలు రాట వదల్లేదు. "చంటోడు ఏడిస్తే చాలండి, తల్లో సమ్మెటదెబ్బలు పడతన్నాయి. నిన్న వాడు ఏడుస్తుంటే ముసుగెట్టేసుకున్నానండి. పాక్కుంటా నా దగ్గరికే వచ్చాడు పిన్నిగారూ. తీసుకోలేకపోయాను" అంది.

పాకలోంచి ఓ దగ్గు బయల్దేరబోయి, ఎవరో నోరు నొక్కేసినట్టు ఆగిపోయింది. బుల్లెమ్మ కంగారుగా లోపలికెళ్ళి గ్లాసుడు మజ్జిగ తెచ్చిచ్చింది. పిల్ల తాగి, గ్లాసు కడిగి అరుగు మీద బోర్లించి, రెండు చేతులూ జోడించింది. "మీరు చల్లగా ఉండాలండి. వెళ్ళొస్తానండి" అంది. మలుపుదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి తల కూడా ఊపింది.

బుల్లెమ్మ చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది. రాళ్ళు ఏరాలి గానీ చెయ్యి ఆడలేదు. ఇన్నేళ్ళలో ఆ వాకిట్లో దణ్ణం పెట్టి, సెలవు తీసుకుని, వెనక్కి చూసి వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎందుకుంటారు? తెచ్చిన నొప్పిని తెచ్చినట్టే మోసుకుపోయినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ఈ పిల్ల ఒక్కతే. అదీ ఎంత మర్యాదగానో! చేట అక్కడే వదిలేసి బుల్లెమ్మ రేవుకేసి పరిగెత్తింది.

వరాలు గట్టు మీద మోకాళ్ళలో తలపెట్టుకుని కూర్చునుంది. బుల్లెమ్మకి మంత్రమా తంత్రమా, ఏదీ రాదు. ఏం చెయ్యాలో తోచక పక్కనే చతికిలబడి, పిల్ల తల ఒళ్ళోకి లాక్కుని, ఎండ తగలకుండా కొంగు కప్పి, వేలితో కణత నొక్కుతూ కూర్చుంది. వరాలు ఏదో అనబోయింది. ఆ మాట సగంలో ఉండగానే నిద్రలోకి జారిపోయింది.

పడవ వచ్చింది. "ఏం పిన్నీ, రేవులో పక్కేశారా? ఎక్కుతారా, నన్ను పొమ్మంటారా?" అని పడవ నడిపే ఏసుబాబు గెడ పట్టుకుని అరిచాడు. బుల్లెమ్మ కళ్ళెర్రజేసి, పెదవుల మీద వేలు పెట్టింది. అతను నీళ్ళల్లో గెడ చప్పుడు కాకుండా వేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఎండ ఎక్కింది. ముందు మోకాలు పీకింది, తర్వాత పాదం మొద్దుబారింది, ఆపైన అసలు కాలుందో లేదో తెలీలేదు. కదిలితే పిల్ల లేస్తుందని కదల్లేదు. ఏసుబాబు మళ్ళీ ఇటు వచ్చేదాకా అంతే.

వరాలు ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, చాలాసేపు పడుకుండిపోయానాండీ? మా చంటోడు ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంటాడు!" అంటూ జుట్టు ముడేసుకుంది. ఏడుపు మాట ఎత్తినా ఈసారి దాని ముఖం ముడుచుకోలేదు.

బుల్లెమ్మ చెట్టూ గోడా పట్టుకుంటూ, కాలీడ్చుకుంటూ పాకకి చేరేసరికి పేరయ్యగారు చేట ముందేసుకుని బియ్యం ఏరుతున్నారు. కనపడిన రాళ్ళు తీస్తున్నారు, కనపడనివి అన్నంలోకి వదిలేస్తున్నారు.

"అంతర్వేదిలో దర్శనం బాగా అయిందమ్మా" అన్నారు.

బుల్లెమ్మకి ఎక్కడ దాక్కోవాలో తెలీలేదు. అరుగు మీద కూలబడి జరిగిందంతా చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. వింటున్నంతసేపూ రాళ్ళు ఏరుతూనే ఉన్నారు.

"కాలికేమైంది?"

"తిమ్మిరండి. ఆ పిల్ల పడుకుందిగా."

"లేపాల్సింది."

"ఎలా లేపుతానండీ? నిద్రపోయి ఎన్నాళ్ళయిందో దానికి!"

"తగ్గిందా మరి?"

"సగం తగ్గిందంది. మళ్ళీ వస్తే నా దగ్గరికే రమ్మన్నాను. మీ దాకా రానిచ్చేది లేదు, ముందే చెప్తున్నాను."

"అప్పుడీ కాలు ఏం కాను?"

"ఈ కాలు పట్టేస్తే ఇంకో కాలుందిలెండి!" అని కసిరింది బుల్లెమ్మ.

పేరయ్యగారు చేట పక్కన పెట్టారు. నీళ్ళు కారుతున్న కుడికన్ను పైపంచెతో ఒత్తుకుని, ఆవిడకేసి తిరిగారు.

"నాకు మాత్రం రెండో కన్ను లేదా, బుల్లెమ్మా?" అన్నారు.