చెప్పుల దగ్గర నూరుల్లా

నూరుల్లా చెప్పులు సర్దడం మానేశాడు.

పెన్న ఒడ్డున మా చిన్న దర్గాలో ఆ పని అతనిది. ఎవరూ అప్పగించలేదు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో కొలతలు తీసే ఉద్యోగం అతనిది. ప్రతి గురువారం సెలవు పెట్టుకొని వచ్చి గడప బయట కూర్చునేవాడు. జనం చెప్పులు ఎట్లా విసిరేసినా జత తప్పకుండా, మొనలు బయటికి తిప్పి, వరసలు పెట్టేవాడు. ఎవరివి ఏవో మొహం చూడకుండానే చెప్పేవాడు. అసలు మొహాలు అతనెప్పుడూ చూడడు.

గురువు వాకిట్లో చెప్పులు సర్దడం మా సూఫీ దారిలో పెద్ద సేవ. చాలామంది మొదటి వారం ఉత్సాహంగా మొదలుపెట్టి, రెండో వారానికి నడుం పట్టేసిందంటారు. నూరుల్లా మాత్రం ఏళ్ళ తరబడి చేశాడు.

అంతలో అతని అక్క కొడుక్కి ఆటిజం అని తేలింది. బెంగళూరులో పిల్లవాణ్ణి చూసిన డాక్టరమ్మ, పక్కనే కూర్చుని ఆవిడ బల్లమీది పెన్నులన్నీ పొడుగు ప్రకారం సర్దుతున్న మేనమామను కూడా కాసేపు చూసింది. మీరూ ఒకసారి చూపించుకుంటే మంచిదంది. అది జబ్బు కాదు, మనిషి తీరు అని కూడా చెప్పింది గానీ, ఆ మాట నూరుల్లాకు తలకెక్కలేదు.

పెద్దవాళ్ళను ఆవిడ చూడదట. చూసేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. వచ్చే ఏడాది రమ్మన్నారు. ఆ వచ్చే ఏడాది వచ్చేసరికి డాక్టరు మారిపోయాడు, మళ్ళీ మొదటినుంచి పేరు చెప్పుకోమన్నారు. ఎప్పుడు ఫోన్ చేసినా మీరు వరసలోనే ఉన్నారనేవాళ్ళు. వరసలంటే ప్రాణం పెట్టే మనిషిని వరసలోనే నిలబెట్టి ఏడిపించారు. నాకైతే ఒళ్ళు మండింది.

ఆ ఎదురుచూపులో నూరుల్లా బుర్ర పాడైంది. తన బతుకంతా తిరగేసుకోవడం మొదలుపెట్టాడు. పండగనాడు ఎవరైనా కౌగిలించుకుంటే ఒళ్ళు ముడుచుకుపోయేది. అది జబ్బా, పొగరా? పెళ్ళిచూపుల్లో కాబోయే మామతో "మీరీ కథ ఇందాకే చెప్పినారు" అనేసి సంబంధం పోగొట్టుకున్నాడు. అది జబ్బా, బుద్ధి తక్కువా? పొద్దున ఒక జవాబు సరిపోయేది, సాయంత్రానికి అదే తప్పనిపించేది. నీకేమైందిరా, బాగానే ఉన్నావు కదా అని అక్క ధైర్యం చెప్పేది. అది వింటే ఇంకా భయం వేసేదతనికి. ఏమీ లేదంటే ఇన్నాళ్ళూ జరిగిందంతా తన తప్పేనన్నమాట.

చివరికి ఆ అనుమానం చెప్పుల దాకా వచ్చింది.

ఒక గురువారం పొద్దున, జనం ఇంకా రాకముందు, పీర్‌సాబ్ దగ్గర కూర్చున్నాడు. మా గురువు పీర్‌సాబ్ ముసలాయన. చూపు మందగించింది. మాట మొదటినుంచీ తక్కువే.

"హజ్రత్, చెప్పులు వంకరగా ఉంటే నాకు ఊపిరాడదు. సర్దితే నెమ్మదిస్తాది. దాన్ని సేవ అనుకుంటి ఇన్నాళ్ళూ. అది సేవా, జబ్బా?"

పీర్‌సాబ్ అతని వైపు తిరిగాడు.

"నాకు తెల్దు నాయనా," అన్నాడు.

నూరుల్లా లేచి నిలబడ్డాడు. గురువుకే తెలియకపోతే ఇంకెవరిని అడగాలి? సంగతి తేలేదాకా చెప్పులు ముట్టుకోనన్నాడు. జబ్బును తెచ్చి సేవ అని గడపలో పెట్టలేనన్నాడు. ఇక దర్గాకే రానేమో అని కూడా అన్నాడు. ఆ మాట అంటుంటే ఏడుపొచ్చింది. లోకంలో అతని మనసు కుదుటపడే చోటు అదొక్కటే.

ఆ మధ్యాహ్నం ఫాతెహా చదవడం అయిపోయి జనం ఒక్కసారిగా బయటికొచ్చారు. మా గడప బయట పరిచినవి నల్ల నాపరాళ్ళు. ఎండాకాలంలో వాటిమీద అప్పడాలు కాల్చుకోవచ్చు. చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. జనం ఒక కాలు ఎత్తి ఒక కాలు దించుతూ వెతుక్కుంటున్నారు. తోసుకుంటున్నారు, ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. నూరుల్లా గోడ నీడలో నిలబడి, చేతులు చంకల్లో ఇరికించుకొని చూస్తున్నాడు. వెళ్ళిపోదామంటే కాళ్ళు రావడంలేదు.

అప్పుడు పీర్‌సాబ్ ఉత్తకాళ్ళతో ఆ బండలమీదికి దిగాడు. టమాటాలు అమ్ముకునే ఓబుళమ్మ, మోకాళ్ళ నొప్పులతో అందరిలా ఎగరలేక, ఉన్నచోటే నిలబడి సామీ సామీ అంటోంది. ఆయన వంగి కుప్పలో చేయి పెట్టి, ఒక మగవాళ్ళ చెప్పూ ఒక పిల్లకాయల చెప్పూ తీసి ఆమె ముందు జతగా పెట్టాడు. ఆమె ఇవి నావి గాదు సామీ అంది. వాటిని తీసేసి ఇంకో రెండు తెచ్చాడు. ఆ రెండూ ఎడమకాలివే. అంత ఎండలోనూ చుట్టూ ఉన్నవాళ్ళకు నవ్వొచ్చింది. నూరుల్లాకు రాలేదు.

"అవి గావు హజ్రత్," అన్నాడు గోడ దగ్గర్నుంచే.

"మరేవి?" పీర్‌సాబ్ వంగిన నడుం ఎత్తలేదు.

"ఆకుపచ్చ పట్టీలవి. ఎడమదానికి తీగ చుట్టిండాది. ఒకటి తూము కాడ పడింది. ఇంకోటి ఆ సైకిల్ కింద."

"తెచ్చియ్యి."

"తేవాలనే ఉంది. అట్ల అనిపించేదే జబ్బేమో అని..."

"ఆమె కాళ్ళు కాలుతాండాయి నాయనా," అన్నాడు పీర్‌సాబ్. "నావీ కాలుతాండాయి."

నూరుల్లా దిగాడు. తూము దగ్గర ఒకటి, సైకిల్ కింద ఒకటి తీసుకొచ్చి, మొనలు బయటికి తిప్పి ఓబుళమ్మ కాళ్ళ ముందు పెట్టాడు. తర్వాత పీర్‌సాబ్‌వి తెచ్చాడు. తర్వాత ఎవరు ఎదురొస్తే వాళ్ళవి. కాసేపటికి బండలమీద ఎగిరేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఓబుళమ్మ అతని తలమీద చెయ్యి పెట్టబోయి, అతనికి గిట్టదని గుర్తొచ్చి, దూరంనుంచే చల్లగుండమని దీవించి వెళ్ళిపోయింది.

దాంతో అతని అనుమానం తీరిపోయిందని చెప్పను. అందరూ వెళ్ళాక అదే మొహంతో మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. సర్దుతుంటే లోపల నెమ్మదించిన మాట నిజమన్నాడు. ఆ ముసలామె కాళ్ళు కాలకూడదని అనిపించిన మాటా నిజమేనట. రెంటిలో ఏది ముందు వచ్చిందో ఎంత వెతుక్కున్నా దొరకలేదన్నాడు.

పీర్‌సాబ్ అరికాళ్ళమీద నీళ్ళు పోసుకుంటూ విన్నాడు. డాక్టరు సంగతి వదిలెయ్యొద్దన్నాడు. రేపు మళ్ళీ ఫోన్ చెయ్యమన్నాడు. పిలుపు వచ్చిన రోజున, అది ఎప్పుడొచ్చినా, తానూ బెంగళూరు బస్సెక్కుతానన్నాడు. నూరుల్లా తల ఊపాడు గానీ లేవలేదు. నేలమీది బండ అతుకును వేలితో రుద్దాడు.

"వాళ్ళు ఆ జబ్బు పేరే ఖాయం చేస్తే?" అన్నాడు. "ఆ పేరు పెట్టుకొని ఈడికి ఎట్ల రావాల హజ్రత్?"

"దాన్నీ పిల్చుకొని రా," అన్నాడు పీర్‌సాబ్. "చెప్పులు యాడ విడవాలో దానికి నువ్వే చూపించు."