మంగతాయి ఎంచిన మోకు

అనగనగనగా, తాళ్లు పేనే ఊరొకటి ఉండేదర్రా పిల్లలూ! పేరు గోగులపాడు. ఇంటింటా గోగునార నానేది, వీధివీధినా తాళ్లు పురి తిరిగేవి. మోకంటే తెలుసుగా, చెయ్యంత లావు తాడు! గోగులపాడు మోకు లేనిదే రాజుగారి రథమైనా కదిలేది కాదు.

ఆ ఊళ్లో మంగతాయి అని ఒకావిడ. పుట్టినప్పటినుంచీ కళ్లు కనిపించవు. అయితేనేం, నార పట్టిందంటే ఆమె వేళ్లు ఆగేవి కావు! ఆమె వీధిలో చూపులేని వాళ్లు ఇంకో పదిమంది ఉండేవాళ్లు. అందరిదీ అదే పని.

కానీ ఆ రాజ్యంలో ఓ పాడు చట్టం ఉండేది. చూపులేని వాళ్లు పేనిన తాడుకి తెల్లగుడ్డ పీలిక కట్టాలి. పీలిక ఉన్న తాడుని సగం ధరకే కొనాలి. ఎందుకయ్యా అంటే, కళ్లు లేనివాళ్ల పని కదా, ఎక్కడో తప్పు ఉండే ఉంటుందట! ఉందో లేదో ఎవరైనా లాగి చూశారా? అబ్బే!

ఒక వానాకాలం పొద్దున మంగతాయి కొత్త మోకు భుజాన వేసుకుని వర్తకుడు రత్నగుప్తుడి కొట్టుకి వెళ్లింది. పొరుగింటి నాంచారమ్మ కూడా తన మోకు తెచ్చింది.

“అయ్యా, నాంచారమ్మ మోకూ ఇంతే పొడవు, ఇంతే లావు. ఆవిడకి నిండు ధర ఇచ్చి, నాకు సగమే ఇస్తే ఎలాగయ్యా? నా పిల్లలూ రెండుపూటలా తినాలి కదా!” అంది మంగతాయి.

“చట్టం నేను రాశానా? ఇష్టమైతే ఇచ్చిపో, లేకపోతే నువ్వే ఉంచుకో” అన్నాడు రత్నగుప్తుడు మీసం దువ్వుకుంటూ.

మంగతాయికి ఒళ్లు మండిపోయింది. ఏదో అనబోయేంతలో దడదడమని గుర్రాలు వచ్చి ఆగాయి.

“మోకులు! మోకులు!” అని భటులు అరిచారు. “రాజుగారి గున్న ఏనుగు రాతిగుంటలో పడింది! వాగు పొంగి నీళ్లు గుంటలోకి వచ్చేస్తున్నాయి! మావటి కూడా లోపలే ఉన్నాడు!”

ఇంకేముంది! రత్నగుప్తుడు కొట్లో ఉన్న మోకులన్నీ బండికెత్తించాడు. ఊరు ఊరంతా పరుగో పరుగు! నాంచారమ్మ చెయ్యి పట్టుకుని మంగతాయీ పరుగెత్తింది.

గుంట గట్టున తల్లి ఏనుగు ఘీంకరిస్తోంది. లోపల గున్న మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి బెదిరిపోయి అరుస్తోంది. విజయకేతు మహారాజు కాలు నిలవక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

రత్నగుప్తుడు ఒక మోకు తీశాడు. పసుపు పూసి, నూనె రాసి నిగనిగలాడించినది. “చూడండి ప్రభూ, ఎంత చక్కగా ఉందో!”

రాజు చూశాడు, బాగుందన్నాడు. మావటి దాన్ని గున్న పొట్టకు కట్టాడు. తల్లి ఏనుగు లాగింది. గున్న సగం దూరం పైకొచ్చింది. ఇంతలో ఫటుక్కున మోకు తెగింది! గున్న దబ్బున నీళ్లలో పడింది. నీళ్లు పొట్ట దాకా వచ్చేశాయి.

రత్నగుప్తుడు రెండో మోకు తీశాడు. ఎర్రరంగు వేసి, చివర్లకు కుచ్చులు కట్టినది. మంగతాయి గబగబా దాన్ని తడిమింది.

“మహారాజా, ఇది వద్దు! పైన కొత్త నార, లోపల కుళ్లిన నార. నా వేళ్లకి తెలుస్తోంది!”

“పోవే గుడ్డిదానా! చూసే మాకు తెలియనిది నీకు తెలుస్తుందా?” అని రత్నగుప్తుడు కసిరాడు. జనం కూడా నవ్వారు.

కట్టారు. లాగారు. ఫట్! గున్న మళ్లీ నీళ్లలో పడింది. ఈసారి నీళ్లు చెవుల దాకా! మావటి దాని వీపెక్కి “మహాప్రభో, కాపాడండి!” అని కేక పెట్టాడు.

రాజు మంగతాయి వైపు తిరిగాడు. “అమ్మా, ఇందాక నువ్వు చెప్పిందే నిజమైంది. మోకు నువ్వే ఎంచు. త్వరగా!”

మంగతాయి బండెక్కింది. ఒక్కో మోకూ తడమడం, పక్కకు విసరడం. “ఇది కాదు. ఇదీ కాదు. ఆఁ, ఇదిగో!” అంటూ అడుగునుంచి ఒకదాన్ని లాగింది. దానికి రంగూ లేదు, కుచ్చులూ లేవు.

“అది చూడ్డానికే బాగోదు ప్రభూ!” అని రత్నగుప్తుడు అడ్డుపడ్డాడు.

“నోర్ముయ్!” అన్నాడు రాజు.

మావటి దాన్ని గున్నకు కట్టాడు. తల్లి ఏనుగు ఒక అడుగు వేసింది. మోకు బిగిసి కిర్రుమంది. ఇంకో అడుగు. ఇంకో అడుగు! “లాగు తల్లీ, లాగు!” అని ఊరంతా అరిచింది. గున్న ముందుకాళ్లు గట్టు మీదికొచ్చాయి. తర్వాత పొట్ట, ఆ తర్వాత తోక! వెనకే మోకు పట్టుకుని మావటీ పైకొచ్చాడు. జనం ఎగిరి గంతులేశారు.

రత్నగుప్తుడు ముందుకు దూకాడు. “చూశారా ప్రభూ, మా కొట్టు సరుకు! నిండు ధర పెట్టి కొన్నది!”

“ఆగవయ్యా, అది మా వీధిది!” అంది మంగతాయి. “చూపున్నవాళ్లు మోకు పొడవు కళ్లతో చూసుకుంటారు. మాకెలా తెలుస్తుంది? అందుకే మోకు నడిమధ్యన నూలుదారం పెట్టి, రెండు చేతులూ చాపినంత బారకొక ముడి వేస్తాం. ఆ ముడులు తడుముకుంటూ పేనుతాం. విప్పించి చూడండి మహారాజా.”

విప్పారు. మొదటి బారకు ముడి! రెండో బారకు ముడి! మూడో బారకూ ముడి!

“దీని తెల్లపీలిక ఏదయ్యా?” అన్నాడు రాజు.

రత్నగుప్తుడు మెల్లగా జారుకోబోతే భటులు పట్టుకున్నారు. వాడు సగం ధరకు కొని, పీలిక పీకేసి, నిండు ధరకు అమ్ముకుంటున్నాడని అందరికీ తెలిసిపోయింది. ఇందాక నవ్విన జనం తలలు దించుకున్నారు.

“అమ్మా, నీకు బంగారం ఇస్తాను” అన్నాడు రాజు. “బతికినంత కాలం కోటలో భోజనం పెట్టిస్తాను. హాయిగా కూర్చుని తిను.”

“కూర్చోబెట్టి తిండి పెట్టమని నేను అడిగానా మహారాజా? నా చేతులు బాగానే ఉన్నాయి. మా మోకుకి నిండు ధర ఇప్పించండి, చాలు. ఆ చట్టం మీద ఉన్నది మీ ముద్రే కదా!”

అమ్మో, రాజుతో అంత మాటా! భటులు కత్తుల మీద చేతులేశారు. రాజు మాత్రం సిగ్గుపడ్డాడు.

“తప్పు నాదే తల్లీ” అన్నాడు. అక్కడికక్కడే ఆ చట్టం కొట్టేశాడు. ఇకమీదట ఎవరు పేనిన తాడైనా సరే, లాగి చూసే ధర కట్టాలని చాటింపు వేయించాడు. రత్నగుప్తుడు మింగిందంతా ఆ వీధివాళ్లకి కక్కించాడు.

తర్వాతి సంతనాడు మంగతాయి, నాంచారమ్మ పక్కపక్కనే మోకులు పరిచారు. ఒక రైతు వచ్చి మంగతాయి మోకు లాగి చూసి, ధర అడిగాడు.

“అబ్బో, మరీ ఎక్కువ చెబుతున్నావమ్మా! కాస్త తగ్గించు.”

“నాంచారమ్మని అడుగు. ఆవిడ తగ్గిస్తే నేనూ తగ్గిస్తా!”

“నేను దమ్మిడీ తగ్గించను!” అంది నాంచారమ్మ.

రైతు నవ్వేసి నిండు ధరా ఇచ్చాడు. మంగతాయి పిల్లలు ఆ రోజు రెండుపూటలా కడుపునిండా తిన్నారు.

కనుక పిల్లలూ, పనికి విలువ కట్టేటప్పుడు పని ఎలా ఉందో చూడాలి గానీ, చేసినవాళ్లకి ఏం లేదో చూడకూడదు.